లొంగుబాటు ఫొటోలో లేనివాళ్ళు

విశాఖ పిల్లలకు 1971 యుద్ధం కొత్త కాదు. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం చుట్టూ ఆడుకుంటూ పెరుగుతారు. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి ఒక్కసారైనా వెళ్ళి వస్తారు. టీవీలో 'ఘాజీ' సినిమా వేసినప్పుడల్లా చూస్తారు. అయినా ఆ యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే, పాకిస్తాన్ మన మీదికొచ్చింది, ఓడించాం అంటారు తప్ప ఢాకా మాట రాదు, శరణార్థుల మాట రాదు. ఈ లోటు ఎలా పూడ్చాలన్న దగ్గర ఇద్దరికి పడలేదు. ఒకరు నగరంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరు. రెండోవారు అదే బళ్ళో తెలుగు చెప్పి రిటైరై, ఇప్పటికీ లైబ్రరీ పీరియడుకు వచ్చి పిల్లల చేత పుస్తకాలు చదివించే మాస్టారు. ఈ టీచరు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. స్టాఫ్ రూములో వాళ్ళు వాదించుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పేరు లేకుండా వచ్చే మాటలు నావి.

మాస్టారు: నిన్న క్లాసులో డిజిటల్ ప్యానెల్ మీద వరసపెట్టి 1971 ఫొటోలు వేశావట. పిల్లలు బయటికొచ్చి ఏం చెప్పుకున్నారో విన్నావా? "భలే ఉన్నాయిరా" అంటున్నాడొకడు. యుద్ధం ఫొటోలు భలే ఉండడమేమిటమ్మా?

టీచరు: వాడన్నది నేనూ విన్నాను మాస్టారూ. తొమ్మిదో తరగతి కుర్రాడు స్నేహితుల ముందు ఇంకేమంటాడు? లోపల వాడే ఏమడిగాడో చెప్తాను వినండి. కలకత్తా పక్కన సాల్ట్ లేక్‌లో, అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థులు సిమెంటు పైపుల్లో కాపురాలు పెట్టుకున్న ఫొటో వేశాను. మురుగునీటి కోసం తెచ్చి పడేసిన పెద్దపెద్ద పైపులవి. రఘు రాయ్ లాంటి ఫొటోగ్రాఫర్లు వాటి మధ్య తిరిగి తీశారు. క్లాసంతా చూసి ఊరుకుంది. వీడు లేచి, "వాన కురిస్తే నీళ్ళు ఏ పక్కనుంచి వస్తాయి టీచర్?" అన్నాడు. ఇక ఆ పీరియడంతా దాని మీదే. ఆ ఏడాది వానాకాలంలో శిబిరాల్లో కలరా ఎలా పాకిందో, కోటి మంది దాకా సరిహద్దు దాటి వస్తే వాళ్ళకు తిండీ నీళ్ళూ ఎక్కడినుంచి వచ్చాయో, అన్నీ వాడి ప్రశ్న పట్టుకునే చెప్పాను. వాడికి వాచకంలో ఒక పేజీ చదవాలంటే గగనం. మీరు లైబ్రరీలో చదివించే డైరీ చేతికిచ్చి ఉంటే ఆ ప్రశ్న వాడి నోట్లోంచి వచ్చేదా?

మాస్టారు: రాకపోవచ్చు. అయితే చదవడం రానివాడికి చదవడం నేర్పాలి కానీ, చదవక్కర్లేకుండా పోయే దారి చూపిస్తే ఎలా? ఫొటో అర నిమిషంలో అయిపోతుంది. చూశాను కాబట్టి తెలిసిపోయింది అనుకుంటాడు. జహనారా ఇమామ్ డైరీ అలా కాదు. ఆమె ఢాకా ఇల్లాలు. పెద్దకొడుకు రూమీకి అమెరికాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వెళ్ళనన్నాడు, యుద్ధంలోకి పోతానన్నాడు. తల్లి వద్దంది, వాదించింది, చివరికి సరేనంది. ఆగస్టు ఆఖర్లో పాకిస్తాన్ సైన్యం ఇంటిమీద పడి అతన్నీ, తండ్రినీ, తమ్ముణ్ణీ పట్టుకుపోయింది. తండ్రీ తమ్ముడూ తిరిగొచ్చారు, రూమీ రాలేదు. ఢాకాకు విముక్తి రావడానికి కొద్దిరోజుల ముందే ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. ఇంగ్లీషు అనువాదంలోంచి కొన్ని రోజుల భాగాలు తెలుగులో రాసుకుని పిల్లలతో చదివిస్తున్నాను. రోజుకు ఒకటే. రూమీ వస్తాడో రాడో ఆ తల్లికి తెలియదు, చదివే పిల్లకూ తెలియదు. మర్నాటి దాకా ఆగాలి. యుద్ధంలో బతకడమంటే అలా ఏమీ తెలియకుండా రోజులు గడపడం. అది ఏ ఫొటో ఇవ్వగలదు చెప్పు?

టీచరు: అది గొప్ప పుస్తకం. కాదనను. కానీ అచ్చయింది 1986లో. మధ్యలో పదిహేనేళ్ళున్నాయి. ఫొటోను ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని అడుగుతాం కదా, డైరీనీ అలాగే అడగాలి. మీ లైబ్రరీలో ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. అచ్చులో ఉంది కాబట్టి నిజం అనుకుంటున్నారు.

మాస్టారు: అచ్చును నమ్మడం గురించి నువ్వు చెప్తున్నావా? మరి ఆ లుంగీ ఫొటో సంగతేమిటి?

ఈ లుంగీ ఫొటో గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. గుజరాతీ ఫొటోగ్రాఫర్ కిశోర్ పరేఖ్ ఏ పత్రికా పంపకుండానే 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ వెళ్ళాడు. తీసినవాటిలోంచి 67 ఫొటోలు ఏరి 1972లో 'బంగ్లాదేశ్: ఎ బ్రూటల్ బర్త్' అనే పుస్తకం వేశాడు. అందులో ఒక ఫొటోలో సైనికుడొకడు ఒక పేదమనిషి లుంగీ లాగి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఆ మనిషి నవ్వీ నవ్వనట్టు, ఎటు చూడాలో తెలియక నిలబడి ఉన్నాడు. హిందువో ముస్లిమో తేల్చడానికి పాకిస్తానీ సైనికుడు చేస్తున్న దుర్మార్గం అంటూ ఏళ్ళ తరబడి ఇది తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. పరేఖ్ తన పుస్తకంలో రాసింది వేరు. ఆ సైనికుడు మనవాడు, భారతీయుడు. పాకిస్తాన్ గూఢచారులన్న అనుమానంతో ఊరివాళ్ళను పోగుచేసి ఆయుధాల కోసం వెతుకుతున్నాడు.

మాస్టారు: చూశావా? ఒక దేశం సైనికుడు ఇంకో దేశం సైనికుడైపోయాడు. బొమ్మ నోరు విప్పి కాదనలేదు. అలాంటిదాన్ని సాక్ష్యమని పిల్లల ముందు ఎలా పెడతావు?

టీచరు: ఆ ఫొటో అబద్ధం ఆడలేదు మాస్టారూ. అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది. అబద్ధం ఆడింది కింద రాసిన నాలుగు మాటలు. అంటే అక్షరమే. అందుకే దాన్ని రెండుసార్లు చూపించాను. మొదటిసారి కింద ఏమీ రాయకుండా. ఏం జరుగుతోందో మీరే రాయండి అన్నాను. సగానికి పైగా "పాకిస్తాన్ సైనికుడు" అనే రాశారు. ఎలా తెలిసింది అంటే, చెడ్డపని చేస్తున్నాడు కదా టీచర్ అన్నారు. రెండోసారి పరేఖ్ రాసిన సంగతి చెప్పి అదే ఫొటో వేశాను. క్లాసులో చప్పుడు లేదు. కాసేపటికి ఒక అమ్మాయి, "మరి ఆయనకు సిగ్గు అదే కదా టీచర్, ఎవరు లాగితే ఏంటి?" అంది. పాఠ్యపుస్తకం మొత్తం చదివించినా ఆ మాట నాకు దొరికేది కాదు.

మాస్టారు: ఆ మాట బాగుంది. ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించు. ఆ పిల్ల ఆ మాట అన్నది రెండోసారి. పరేఖ్ రాసింది విన్నాక.

టీచరు: మొదటిసారి చూడకపోతే రెండోసారి ఎక్కడిది?

ఇక్కడ మాస్టారు నవ్వారు గానీ వదల్లేదు.

మాస్టారు: యుద్ధం గతిని మార్చిన ఫొటో ఒకటి చెప్పు. నేను మార్చిన వ్యాసం చెప్తాను. ఆంథొనీ మస్కరేనాస్ కరాచీ పత్రికలో పనిచేసేవాడు. తూర్పు పాకిస్తాన్‌లో అంతా సవ్యంగా ఉందని రాయించుకోవడానికి సైన్యమే ఎనిమిది మంది జర్నలిస్టులను వెంటబెట్టుకు తిప్పింది. ఇతను చూసింది రాయకుండా ఉండలేకపోయాడు. భార్యాబిడ్డలను దేశం దాటించే ఏర్పాటు చూసుకుని మరీ లండన్ సండే టైమ్స్‌లో రాశాడు, 1971 జూన్ 13న. ఆ వ్యాసం తనను ఎంతగానో కదిలించిందని ఇందిరాగాంధీ తరవాత ఆ పత్రిక ఎడిటర్‌తో అన్నారు. సైన్యం అతన్ని తనతో తిప్పుకుంది కాబట్టి, ఆఫీసర్లు భోజనాల దగ్గర చావుల లెక్కలు ఎలా చెప్పుకుంటారో అతను విన్నాడు. కెమెరా భోజనాల దగ్గరి మాటలు వినగలదా?

టీచరు: వినలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ జవాబు లేనంత మాత్రాన లొంగుబాటు ఫొటోను క్లాసులోంచి తీసెయ్యను. అసలు మన గొడవ మొదలైంది దాంతోనే కదా.

మాస్టారు: అవును, దాని గురించి చెప్పు. ఏం చేయించావు?

టీచరు: డిసెంబరు 16, ఢాకా రమ్నా రేస్‌కోర్సు. బల్ల ముందు పాకిస్తాన్ సేనాని నియాజీ సంతకం పెడుతున్నాడు. పక్కన మన సేనాని జగ్‌జీత్ సింగ్ అరోరా కూర్చుని చూస్తున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళ పేర్లు రాయించాను. మొదట వైస్ అడ్మిరల్ కృష్ణన్. తూర్పు నౌకాదళం అధిపతి, అంటే ఆఫీసు మన విశాఖలోనే అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. తరవాత మన అధికారులే దివాన్, సగత్ సింగ్, జాకబ్. అందరినీ రాశాక అడిగాను. ఈ సంతకంతో పుట్టింది ఏ దేశం? బంగ్లాదేశ్ అన్నారు. మరి ఈ వరసలో బంగ్లాదేశ్ వాళ్ళెవరో చూపించండి అన్నాను. వెతికారు. ఒకడు దగ్గరికొచ్చి ప్యానెల్‌కు ముక్కు ఆనించి మరీ వెతికాడు. బంగ్లాదేశ్ విమోచన దళం ముక్తివాహిని సేనాని ఒస్మానీ ఆ సభకే రాలేదు. ఆయన తరఫున వచ్చిన ఖండ్కేర్ ఈ వరసలో నిలబడలేదు. ఒక్క ఆడమనిషి లేదు. కోటి మంది శరణార్థుల్లో ఒక్కరూ లేరు. విజయం ఫొటోలో ఎవరికి చోటు దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది వాళ్ళు వేళ్ళు పెట్టి లెక్కించి తెలుసుకున్నారు.

మాస్టారు: ఆగమ్మా. ఒస్మానీ రాలేదని ఫొటో చెప్పిందా, నువ్వు చెప్పావా? నువ్వు ఎక్కడో చదివావు కాబట్టి చెప్పావు. ఉన్నవాళ్ళనే చూపిస్తుంది ఫొటో. లేనివాళ్ళను చూపించాలంటే చదువు కావాలి.

టీచరు: లేరు అన్న అనుమానం పుట్టింది మాత్రం ఫొటో ముందే.

ఈ రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరూ ఓడిపోలేదు. నాకు తెలిసినంతలో చరిత్ర పాఠం జరిగేది కూడా ఈ రెండు మాటల మధ్యనే. మన బళ్ళలో వచ్చిన చిక్కేమిటంటే లొంగుబాటు ఫొటోను గోడకు తగిలిస్తాం. గోడకెక్కిన ఫొటోను ఎవరూ ఏమీ అడగరు.

మాస్టారు: సరే, నా వైపు నుంచి ఇంకోటి. తిక్కన స్త్రీపర్వం నీకు నేనే చెప్పాను. యుద్ధమంతా అయిపోయాక గాంధారి రణరంగాన్ని చూస్తుంది. ఒక్కొక్క శవాన్ని, ఒక్కొక్క కోడలిని కృష్ణుడికి చూపిస్తూ మాట్లాడుతుంది. తన కొడుకులనే కాదు, అవతలి పక్క అభిమన్యుణ్ణీ, అతని మీద పడి ఏడుస్తున్న ఉత్తరనూ చూపిస్తుంది. ఏ బొమ్మా లేదక్కడ, అన్నీ మాటలే. అయినా చదివినవాడు చచ్చేదాకా మరచిపోడు. మన భాషలో యుద్ధాన్ని అర్థం చేసుకునే దారి ఒకటి ఉంది. దాన్ని వదిలి తెర మీద శవాలు చూపించక్కర్లేదు.

టీచరు: గాంధారి కళ్ళ గంతలు విప్పకుండానే వ్యాసుడిచ్చిన చూపుతో అంతా చూసింది కదా మాస్టారూ. చూసింది కాబట్టే మాట్లాడింది. విన్న కబురు అయితే కృష్ణుణ్ణి అంతలా నిలదీసేదా? అవతలి పక్క శవాన్ని కూడా చూపించిందని మీరే అన్నారు. నాకు కావలసింది అదే. మన పిల్లలకు ఘాజీ అంటే మన తీరంలో ములిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్, శత్రువు. అందులో తొంభై మందికి పైగా నావికులు ఉన్నారని, ఇప్పటికీ మన సముద్రం అడుగునే ఉన్నారని క్లాసులో చెప్తే మొదట ఎవరికీ నచ్చలేదు. సినిమాలో అయితే మన సబ్‌మెరైన్ నీళ్ళ కింద దాంతో పోరాడుతుంది. మన నౌకాదళం చెప్పేది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే నౌక డెప్త్ చార్జీలు వేసిందని. పాకిస్తాన్ చెప్పేది లోపలే ఏదో పేలిందని. ఈ మూడూ పక్కపక్కన రాయించాను. ఏది నిజం టీచర్ అన్నారు. దేనికి ఏ ఆధారం ఉందో ముందు రాయండి అన్నాను.

మాస్టారు: ఘాజీ ములిగిన ఆ రాత్రి నాకు గుర్తుంది. ఎనిమిదో తరగతి నేను. ఊరంతా బ్లాకౌటు. కిటికీలకు నల్ల కాగితాలు అంటించాం. అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడైంది, కిటికీ అద్దాలు అదిరాయి. మా నాన్న లేచి కూర్చుని మమ్మల్ని మంచం కిందికి వెళ్ళమన్నారు. తెల్లారాక జాలర్లు సముద్రంలో నూనె తెట్టు చూశారని, ఏవో ముక్కలు తేలుతున్నాయని వీధిలో చెప్పుకున్నారు. మేం భయపడ్డది ఘాజీని చూసి కాదు, దాని పేరే మాకు అప్పుడు తెలియదు. చీకటిని చూసి భయపడ్డాం.

టీచరు: ఇది ఎక్కడైనా రాసిపెట్టారా?

మాస్టారు: రాయలేదు. అందులో రాయడానికేముంది?

టీచరు: మీరే ఇలా అంటే ఎలా మాస్టారూ! ఢాకాలో ముక్తియుద్ధ మ్యూజియం ఉంది, 1996లో పెట్టారు. వాళ్ళు బడిపిల్లలకు ఒక పని అప్పజెప్పారు. మీ ఇంట్లో, మీ వీధిలో 71 చూసినవాళ్ళెవరైనా ఉంటే అడిగి, వాళ్ళు చెప్పింది రాసి పంపండి అని. పిల్లలు వేల మంది రాశారు. చదవడం, చూడడం రెంటికీ ముందు అడగడం ఉంది. ఇక్కడ నేవీ డే విన్యాసాలకు పిల్లలను బీచ్‌కు తీసుకెళ్తాం, ఆ రాత్రి మెలకువగా ఉన్న తాతలను మాత్రం ఎవరం అడగం.

మాస్టారు ఒప్పుకున్నారు. వచ్చే వారం లైబ్రరీ పీరియడులో తనే చెప్తానన్నారు. అక్కడితో రాజీ కుదిరిందనుకున్నాను. కుదరలేదు.

టీచరు: పదో తరగతికి ఇంకొక్క ఫొటో చూపించాలని ఉంది. డిసెంబరు 18, ఢాకా స్టేడియం దగ్గర. లొంగుబాటు అయిన రెండో రోజు. పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడ్డారంటూ చేతులు కట్టేసిన మనుషులను జనం చూస్తుండగా ముక్తివాహిని వాళ్ళు బయొనెట్లతో పొడిచి చంపారు. హోర్స్ట్ ఫాస్, మిషెల్ లారెంట్ తీశారు. ఆ లారెంట్ ఎవరనుకున్నారు? మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా యూనివర్సిటీ మీద పడ్డాక విదేశీ విలేఖరులను హోటల్లో నిర్బంధించి దేశంలోంచి పంపేస్తే, దొరకకుండా దాక్కుని ఉండిపోయిన ఇద్దరిలో ఒకడు. రెండోవాడు సైమన్ డ్రింగ్. మార్చిలో ఆ చావులనూ, డిసెంబరులో ఈ చావులనూ చూసిన మనిషి లారెంట్. మొదటివి మాత్రమే చూపిస్తే పిల్లలకు నేను చెప్పింది సగం పాఠమే కదా?

మాస్టారు: చెప్పొద్దనలేదు. చెప్పు. తేదీతో, చోటుతో, ఎవరు చేశారో దాచకుండా చెప్పు. ఫొటో మాత్రం వద్దు. కెమెరాలు ఉన్నాయి కాబట్టే చంపుతున్నారేమోనని కొందరు ఫొటోగ్రాఫర్లు అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. ఉండి తీసినవాళ్ళకు 1972లో పులిట్జర్ వచ్చింది. పెద్దవాళ్ళే అలా రెండుగా చీలిపోయిన చోట పదిహేనేళ్ళ పిల్లను నిలబెట్టి ఏం చెయ్యమంటావు? చచ్చిపోతున్న మనిషి నన్ను చూడండి అని అడగలేదు. అతని తల్లి ఎక్కడో ఉండి ఉంటుంది.

టీచరు: మాటల్లో చెప్తే నమ్మరు మాస్టారూ. మనవైపు వాళ్ళు అలా చెయ్యరు అంటారు.

మాస్టారు: నమ్మించడానికి అతన్ని ఏటా మళ్ళీ చంపుతామా? నాయిబుద్దీన్ అహ్మద్ తీసిన ఫొటో నీ దగ్గర ఉంది కదా. సైనికుల అత్యాచారానికి గురైన స్త్రీ, జుట్టుతోనూ పిడికిళ్ళతోనూ మొహం కప్పేసుకుని ఉంటుంది. అది చూపించు. ఎంతవరకు కనపడాలో ఆమే నిర్ణయించుకున్నట్టు ఉంటుంది. దాని పక్కన నీలిమా ఇబ్రహీం ఆ స్త్రీల మాటలు విని రాసిన పుస్తకంలోంచి, పిల్లల వయసుకు తగ్గ పేజీ ఒకటి నేను ఎంచి ఇస్తాను.

టీచరు: ఇవ్వండి, చదివిస్తాను. స్టేడియం ఫొటో విషయంలో మాత్రం నేను మీ మాట ఒప్పుకోలేదు. ఈ ఏడాదికి ఆపుతున్నాను, అంతే.

ఈ ఒక్క విషయంలో నేను మాస్టారి పక్షం. బడిలో ఆ ఫొటో వద్దు. కానీ టీచరు భయం నిజమైనదే. ఫొటో తీసేసినప్పుడు దాంతోపాటు సంగతి కూడా తీసెయ్యడం మనకు బాగా అలవాటు. పిల్లలు చూడలేరని ఫొటో ఆపిన టీచరు, ఆ పీరియడులోనే ఆ సంగతి నోటితో చెప్పి తీరాలి. మిగతా అన్నింటిలో టీచరు పట్టిన వరసే నాకు సరైనదిగా కనిపిస్తోంది. ముందు ఫొటో, దాని ముందు పిల్లల ప్రశ్న, ఆ ప్రశ్న వేడి తగ్గకముందే చదవడానికి ఒక పేజీ. ఎవరు తీశారో, ఎప్పుడు, ఎక్కడ తీశారో తెలియని ఫొటో ఎంత బాగున్నా క్లాసులోకి రాకూడదు.

విశాఖలో, భీమిలిలో 1971 డిసెంబరు గుర్తున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ళకు నా మనవి ఇది. మీ పక్క బడికి వెళ్ళి ఒక్క పీరియడు అడిగి తీసుకోండి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడదీసి చెప్పండి. ఇంట్లో ఆనాటి ఫొటో ఏదైనా ఉంటే దాని వెనక పేర్లు, తేదీ, చోటు రాసి ఆ పిల్లల చేతికివ్వండి.